తువ్వాల కింద ర్యాంకు

మా మరిది విశ్వేశ్వరయ్య చదువు పదో తరగతి దగ్గర ఆగింది. ఆయన ఆపలేదు, లెక్కల పరీక్ష ఆపింది. నాది అంతకంటే ముందే ఆగింది. మూడో తరగతిలో మా నాయన పలక తీసేసి చేతికి చేట ఇచ్చాడు. అయితే నాకు తెలియని సంగతిని నేనెప్పుడూ నలుగురిని కూర్చోబెట్టి చెప్పలేదు. మా మరిది చెప్పాడు. చెప్పి, అందుకు అరటిపండ్లు, శాలువాలు కూడా పుచ్చుకున్నాడు. ఇంటర్ పాసైన పిల్లల ర్యాంకు చూసి ఏ కాలేజీలో సీటు వస్తుందో చెప్పే పెద్దమనిషి అని ఆదోనిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఆయనకు పేరు. ఆ పేరు ఎట్లా వచ్చిందో, అందులో పస ఎంతో, గోడకు ఇవతల ఉండే నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మాది ఒకే ఇల్లు, నడుమ గోడ పెట్టి రెండు వాటాలు చేసుకున్నాం. అరుగు మాత్రం ఒకటే.

వయసులో ఉన్నప్పుడు ఆయన ఆదోని మార్కెట్ యార్డులో పత్తి దళారి. సరుకు తెచ్చిన రైతుకూ కొనే సావుకారుకూ నడుమ నిలబడి బేరం కుదిర్చే పని. ఆ బేరం నోటితో జరిగేది కాదు. భుజం మీది తువ్వాల తీసి చేతుల మీద కప్పుకొని, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు నొక్కి ధర చెప్పుకొనేవాళ్లు. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, అరచెయ్యంతా పడితే అయిదు. చుట్టూ ఊరంతా నిలబడి చూసినా ఎవరికీ ఏమీ అంతుపట్టేది కాదు. తువ్వాల కింద నొక్కినదాన్ని పైకి అనకూడదు. అన్నవాడితో మళ్లీ ఎవరూ బేరానికి కూర్చోరు. మా ఆయనదీ అదే పని. పెళ్లయిన కొత్తలో, అంగట్లో చింతపండు ఎంతకు అడగాలో కూడా నా కొంగు కింద వేళ్లు నొక్కి చెప్పేవాడు. అట్లా ఆ విద్య నాకూ అబ్బింది.

విశ్వేశ్వరయ్యకు అది అబ్బడం కాదు, తలకెక్కింది. కావలసిన దానివైపు చూడకూడదు, అక్కర్లేనిదాన్ని తిప్పి తిప్పి చూడాలి. ఆయనకు తెలిసిన లోకం అంతే. పెళ్లిచూపులకని ఎమ్మిగనూరు తీసుకుపోతే పిల్లవైపు కన్నెత్తి చూడలేదు. ఆశ బయటపడితే అలుసైపోతామని, పెరట్లో కట్టేసిన బర్రె పళ్లు చూశాడు, పొదుగు చూశాడు, ఎన్ని ఈతలని అడిగాడు. పొద్దుగూకే వేళకు పిల్ల తండ్రి, "బర్రెను అమ్మే ఆలోచన లేదప్పా మాకు" అని చెప్పి సాగనంపాడు. మా ఆయన మళ్లీ పోయి, మేము వచ్చింది పిల్ల కోసమని విడమరచి చెప్పుకోవలసి వచ్చింది. ఇంత జరిగినా మా మరిది తన తెలివిని అనుమానించలేదు. "పిల్ల దొరికిందా లేదా వదినా?" అనేవాడు. దొరికింది. ఇంకొకరు పోయి నోరు తెరిచి అడిగినందుకు దొరికింది.

యార్డులోకి కంప్యూటర్లు వచ్చాక తువ్వాలకు పని పోయింది. ధర తెర మీద అందరికీ కనపడసాగింది. విశ్వేశ్వరయ్య వచ్చి అరుగెక్కాడు. తువ్వాల మాత్రం భుజం దిగలేదు. పొద్దున పేపరు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం దారిన పోయేవాళ్లకు సలహాలు. సలహా అడిగేవాడు లేకపోతే పిలిచి మరీ చెప్పేవాడు. కూరగాయల బండివాడు కూడా మా ఇల్లు దాటేదాకా తల దించుకొని తోసుకుపోయేవాడు.

అట్లాంటి మనిషికి ఆయన మనవరాలు సంయుక్త దొరికింది. ఆ పిల్లకు ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. కాలేజీల పేర్లు తానే వెతుక్కుంది, తానే కంప్యూటర్లో పెట్టుకుంది. విశ్వేశ్వరయ్య చేసిందల్లా ఆ పిల్ల వెంట ఫిరోజ్ నెట్ సెంటర్‌కు పోయి, బయట బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తిని రావడం. కోరిన సీటు వచ్చింది. ఆ సాయంత్రమే అరుగు మీద, "మనమే దగ్గరుండి పెట్టించినాంలే" అన్నాడు. విన్నవాళ్లు తమ పిల్లల్ని తీసుకురావడం మొదలుపెట్టారు. ఆస్పరి నుంచి, మద్దికెర నుంచి, కోసిగి నుంచి బస్సు దిగి, విశ్వేశ్వరయ్య శెట్టిగారి ఇల్లెక్కడని అడుగుతూ వచ్చేవాళ్లు.

వచ్చినవాళ్లను తప్పుపట్టలేను. ఫలితాలు వచ్చిన వారం ఊరంతా ఫ్లెక్సీలు లేస్తాయి. ఒకటో ర్యాంకు మాది, తొమ్మిదో ర్యాంకు మాది అని కాలేజీలు గోడంత అంకెలు వేయిస్తాయి. బస్టాండు దగ్గర ఒక పిల్లాడి ముఖం రెండు కాలేజీల ఫ్లెక్సీల మీద కనపడింది. ఒక దాంట్లో కళ్లద్దాలున్నాయి, ఇంకొక దాంట్లో తీసేశారు. ముప్పై వేలు, డెబ్భై వేలు, లక్ష వచ్చిన పిల్లల ముఖాలు ఏ గోడ మీదా ఉండవు. చేతికి వచ్చిన అంకె మంచిదో చెడ్డదో వాళ్లకు చెప్పేవాడు లేడు. ఫీజు కట్టించుకొనేదాకా అన్నా అక్కా అన్న కాలేజీవాళ్లు పరీక్ష అయ్యాక ఫోను ఎత్తరు. ఇంక తువ్వాల వేసుకొని తీరిగ్గా కూర్చున్న ముసలాయన దేవుడిలాగే కనపడతాడు.

ఆ దేవుడు ర్యాంకు ఉన్న ఫోను చేతికి తీసుకొని చెయ్యి చాపినంత దూరంలో పెట్టుకొని చూసేవాడు. "ఊఁ" అనేవాడు. ర్యాంకును ధర అనుకున్నాడు మా మరిది. "ఈ పాపకు ఇరవై వేలు పలికింది" అనేవాడు. పోయినేడు ఏ కాలేజీలో ఎంత ర్యాంకు దాకా సీటిచ్చారో పిల్లలు చెబితే, అది పోయినేటి పత్తి ధర చెప్పినట్టు వినేవాడు. తర్వాత తన సూత్రం చెప్పేవాడు: "మీకు కావలసిన కాలేజీని ముందర పెట్టద్దండి. పైన వేరేవి పెట్టండి. దాన్ని అడుగున పెట్టండి. పైవాళ్లకు మన ఆశ తెల్సిందంటే బిగుసుకుంటారు. అక్కర్లేనట్టు పెడితే వాళ్లే దిగొచ్చి అంటగడతారు."

ఒక తండ్రి అడిగాడు. "పైన పెట్టినది ఇచ్చేస్తే ఎట్ల శెట్టీ?"

"ఇస్తే వద్దను. సంతలో వద్దని నాలుగు అడుగులు పోతే ఎనకనుంచి పిలుస్తాడా లేదా?"

ఆ తండ్రి తలాడించాడు. ఎద్దులు కొన్నవాడే కదా.

నిరుడు ఎమ్మిగనూరు నుంచి ఉరుకుందమ్మ అని ఒకామె కూతురు ఈశ్వరిని తీసుకొని వచ్చింది. మగ్గం ఇల్లు. పిల్లకు మంచి ర్యాంకే. కర్నూలులో పెద్ద కాలేజీ కావాలంది. మా మరిది దాన్ని నాలుగోదిగా పెట్టించి, పైన ఎవరూ పోని మూడు కాలేజీల పేర్లు రాయించాడు. పిల్లకు మొదటి పేరే వచ్చింది. ఊరి బయట చేలలో కట్టిన కాలేజీ. ల్యాబుకు తాళం, తాళానికి తుప్పు. వద్దని నాలుగడుగులు పోయేదానికి వాళ్లకు ధైర్యం చాలలేదు. తమ ర్యాంకుకు అంతే రాసిపెట్టి ఉందనుకున్నారు. ఉరుకుందమ్మ గంపలో అరటిపండ్లు పెట్టుకొని వచ్చి మా మరిదికి దండం పెట్టింది. "నువ్వు లేకుంటే అది గూడ వస్తుండలేదు సామీ" అంది. ఆయన పండు వలుచుకొని తిన్నాడు. నాకు అప్పటికి ఈ సంగతి లోతు తెలియదు, అయినా ఆ పండు తినే తీరు నచ్చలేదు.

ఈ ఏడు బడే సాబ్ వచ్చాడు. మా వెనక వీధిలో దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టే మనిషి. విశ్వేశ్వరయ్య యార్డులో ఉన్న రోజుల నుంచి ఆయన మాట మీదే దూది కొన్నవాడు. వెంట భార్య షాహిదాబీ, కూతురు తస్లీమా. ఈ పిల్ల నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. రైలు గేటు దగ్గర వంతెన కడుతున్నప్పుడు బడికి పోతూ అక్కడే నిలబడిపోయి దెబ్బలు తిన్నది. అక్కడ టోపీ పెట్టుకొని కూలీలకు పని చెప్పే ఇంజనీరు ఆడమనిషి ఉండేదట. అప్పటినుంచి ఈ పిల్లకు సివిల్ ఇంజనీరింగే కావాలి. పద్దెనిమిది వేల చిల్లర ర్యాంకు వచ్చింది. అనంతపురం యూనివర్సిటీ కాలేజీలో సీటు వస్తే పంపుతానని బడే సాబ్ ఒప్పుకున్నాడు, అక్కడ ఆయన చెల్లెలు ఫిర్దోస్ కాపురం ఉంది కాబట్టి. వేరే ఎక్కడ వచ్చినా పంపేది లేదని ముందే చెప్పేశాడు. అప్పుడు ఆదోనిలోనే డిగ్రీ. అంటే ఆ పిల్లకు ఉన్నది ఒకే ఒక్క తలుపు.

మా మరిది ఆ తలుపును ఆరో వరసలో పెట్టమన్నాడు.

"ఆరోదా తాతా?" అంది తస్లీమా. "పైన ఉండే అయిదిట్లో ఒగటి వచ్చిందంటే ఇంగ కింద సూడరంట కదా."

"ఎవురు సెప్పినారు?"

"కౌన్సెలింగ్ పుస్తకంలో ఉండాది."

"పుస్తకం వాళ్లదే కదా పాపా. అమ్మేవాడు తన కిటుకు తానే అచ్చేసి ఇస్తాడా?" అని నవ్వి, బడే సాబ్ వైపు తిరిగాడు. "ఏం బడే సాబూ, నేను ఏపొద్దన్నా నీకు తప్పుడు సరుకు ఇప్పించినానా?"

"అల్లా సాక్షిగా లేదన్నా" అన్నాడు బడే సాబ్. కూతురితో, "శెట్టన్న యార్డునే నడిపిన మనిషి. ఆయన మాట దాటద్దు" అన్నాడు.

నేను గడప దగ్గర సొరకాయ తరుగుతున్నాను. "ఏం విశ్వేశ్వరా, ఈసారి గూడ బర్రె పళ్లే సూడమంటాండావా?" అన్నాను. ఆయన విననట్టు తువ్వాల దులుపుకున్నాడు. అందరూ కలిసి ఫిరోజ్ సెంటర్‌కు పోయి, ఆయన చెప్పిన వరసలోనే పేర్లు పెట్టించి వచ్చారు. దారిలో ఉగ్గాని కూడా తిన్నారట.

పెట్టిన పేర్లను మార్చుకోవడానికి తర్వాత ఒక రోజు గడువు ఇస్తారు. ఆ రోజు మధ్యాహ్నం తస్లీమా మా పెరట్లోకి వచ్చింది. నేను కుట్టమని ఇచ్చిన దిండు తెచ్చింది, దాన్ని నా చేతికిచ్చి వెళ్లిపోకుండా బట్టలుతికే బండ మీద కూర్చుంది. తల్లి ఫోను బయటికి తీసి, ఎండకు కనపడక, చున్నీ ముందుకు లాగి ఫోను మీద కప్పుకుంది. దాని కింద వేళ్లు కదులుతున్నాయి.

"ఏమే, ఫోనుకు గూడ ముసుగేసినావు?"

"ఏమీ లేదవ్వా."

"ఏమీ లేనిదానికి మా ఇంటి బండ ఎందుకు? మీ ఇంట్లో బండ లేదా?"

తల ఎత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మార్చుకుంటాండాను అవ్వా. ఈ పొద్దు మారిస్తేనే. అనంతపురాన్ని అన్నిటికంటే మీదికి తెస్తాండాను."

"అట్ల తెస్తే వాళ్లకు నీ ఆశ తెల్సిపోదా?"

"వాళ్లంటే ఎవురవ్వా? ఆడ మనిషే లేడు. ర్యాంకంటే బేరం కాదు, వరస." ఇంటి ముందరి కొళాయి ఉన్న దిక్కుకు చెయ్యి చూపించింది. "నీళ్లొచ్చిన రోజు బిందెలు వరసగా పెడతాం కదా. నా ర్యాంకు నా బిందె ఉండే చోటు. నా ముందర వాళ్లంతా పట్టుకున్నాక నా వంతు వస్తాది. అప్పుడు కంప్యూటరు నా పేర్లు పైనుంచి చదువుతాది. ఖాళీ ఉండేది ఏది ముందర కనపడితే అది ఇచ్చేసి ఆగిపోతాది. కింద ఏముందో చూడనే చూడదు. పెద్ద కాలేజీ ముందర అడిగినానని కోపం చేసుకోదు. అది దొరక్కుంటే రెండోది చూస్తాది, అంతే."

"నీ ఎనక బిందె వాడు నీకంటే ముందు అడిగితే?"

"ఎనక బిందె ఎనకే అవ్వా. వాడు ఏమడిగినా నా వంతు అయినాకనే. మా కులానికీ, ఆడపిల్లలకూ, మన రాయలసీమ వాళ్లకూ వేరేగా సీట్లుంటాయి, అందుకే నా పద్దెనిమిది వేలకు గూడ ఆశ ఉండాది. కానీ ముందర పెట్టకుంటే ఏ ఆశా లేదు."

ఇంత చిన్న సంగతి. కొళాయి దగ్గర బిందె పెట్టిన ఆడదానికి ఎవరికైనా అర్థమవుతుంది. నా వంతు వచ్చినప్పుడు నీళ్లు అక్కర్లేనట్టు ముఖం తిప్పుకొని నిలబడితే, నీళ్లే వెంటపడి వస్తాయా? మా మరిది జన్మలో బిందె మోయలేదు, ఆయనకు ఎట్లా తెలుస్తుంది? నాకు ఈశ్వరి గుర్తొచ్చింది. ఆ అరటిపండు గుర్తొచ్చింది. చేతిలో దిండు ఉంది కాబట్టి సరిపోయింది, రాయి ఉంటే గోడ మీదుగా విసిరేదాన్ని.

"మీ నాయనకు సెప్పి మార్చచ్చు కదే."

"నాయన శెట్టి తాతను అడుగుతాడు. తాత వద్దంటాడు." ఫోనులో ఏదో అంకె వచ్చింది, దాన్ని కొట్టింది. చున్నీ తీసి కళ్లు తుడుచుకుంది. "అయిపోయిందవ్వా. వచ్చేది రానీ. ఎవురికీ సెప్పద్దు."

"తువ్వాల కిందిది పైకి అనే ఇల్లు కాదు మాది" అన్నాను.

సీట్లు చెప్పిన రోజు బడే సాబ్ పరిగెత్తినట్టుగా వచ్చాడు. అనంతపురం. సివిల్. మా మరిదికి శాలువా కప్పాడు, బూరుగు దూదితో కుట్టిన కొత్త దిండు ఇచ్చాడు. విశ్వేశ్వరయ్య దిండు మీద మోచెయ్యి ఆనించి అరుగు మీద ఒరిగాడు. ఆ పొద్దు నుంచి వీధిలో పోయే ప్రతి మనిషికీ అదే పాట. "ఆరోదాన్ని పెట్టించినాను. అక్కర్లేనట్టు కూర్చున్నాం. వాళ్లే దిగొచ్చి ఇచ్చినారు." తస్లీమా తండ్రి వెనక నిలబడి తల వంచుకొని వింది. ఆ పిల్లకు నవ్వు వస్తే నవ్వకుండా ఉండటం వచ్చు. మా మరిదికి ఎప్పుడూ రాని విద్య అది.

ఆయన గొప్పలు చెప్పుకొంటే నాకేం నష్టం? చెప్పుకోనీలే అనుకొని ఊరుకున్నాను. రెండో విడత పేర్లు పెట్టే రోజులు వచ్చేదాకా ఊరుకున్నాను.

అప్పుడు ఉరుకుందమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి కొడుకు దినేష్‌ను తెచ్చింది. కులం సర్టిఫికెట్ ఆలస్యమై వాడు మొదటి విడతను అందుకోలేకపోయాడట. చేతిలో మళ్లీ అరటిపండ్ల గంప.

"అక్కకు నువ్వే దారి సూపించినావు సామీ. వీనికి గూడ నువ్వే సెప్పల్ల."

"సెప్తాను, కూర్చో. మొన్న బడే సాబు పాప సంగతి విన్యావా?" అని దిండు సర్దుకున్నాడు. "అనంతపురం ఆరోది. అక్కర్లేనట్టు..."

నేను లేచి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. పెళ్లయి వచ్చినప్పటినుంచి నేను ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నది లేదు. మాట ఆపి నావైపు చూశాడు.

"విశ్వేశ్వరా, తస్లీమాకు అనంతపురం ఎన్నోది పెట్టించినావు?"

"ఆరోది. నీ ముందరే కదా వదినా సెప్పింది."

"చెయ్యి ఇట్లియ్యి."

భుజం మీది తువ్వాల లాగి మా ఇద్దరి చేతుల మీద కప్పాను. ఉరుకుందమ్మ నోరు తెరుచుకొని చూస్తోంది. తువ్వాల కింద ఆయన చూపుడు వేలు ఒక్కటే పట్టుకొని నొక్కాను.

ఆయన నా అరచెయ్యంతా పట్టి, తర్వాత ఇంకో వేలు నొక్కాడు. ఆరు.

నేను మళ్లీ ఒకటే నొక్కాను. ఈసారి వదలలేదు.

నా ముఖంలోకి చూశాడు. నేను యార్డులో సావుకార్లు చూసినట్టు చూశాను, అంటే ఎటూ చూడలేదు. పైకి అడగడానికి లేదు. నొక్కిన మాటను నోటితో అనకూడదని ఆయనే జన్మంతా చెప్పుకొని తిరిగాడు. ఆయన పట్టు మెల్లగా సడలింది. నుదుటి మీద చెమట పట్టింది. తువ్వాల నా దగ్గరే ఉంది, తుడుచుకోవడానికీ లేదు.

దినేష్ వైపు తిరిగాడు. "నీకు ఏ కాలేజీ కావాలప్పా?"

"కర్నూల్లో..." అని వాడు పేరు చెప్పాడు.

"దాన్నే ముందర పెట్టు. దాని ఎనక నీకు ఏది ఇష్టమో అది. ఇష్టం తగ్గేకొద్దీ కిందికి. అంతే."

ఉరుకుందమ్మకు అర్థం కాలేదు. "అదేంది సామీ, నిరుడు కావలసింది అడుగున పెట్టమన్యావు?"

"ఏటికేడు మార్కెట్టు ఒగటే తీరుగా ఉంటాదామ్మా?" అన్నాడు విశ్వేశ్వరయ్య. అది కూడా తానే కనిపెట్టినట్టు అన్నాడు. అంత చెమటలోనూ గొప్ప మానలేదు.

తల్లీ కొడుకూ లేచి మెట్లు దిగారు. గంప అరుగు మీదే ఉంది. నేను దాన్ని ఎత్తి వెంట పోయి ఉరుకుందమ్మ చేతికి ఇచ్చాను. "మీ ఈశ్వరికి ఇయ్యి" అన్నాను. ఆమె గంప పట్టుకొని అక్కడే నిలబడిపోయింది. మగ్గం మీద ఒక దారం తెగితే ఎక్కడ తెగిందో వెతుక్కొనే మనుషులు వాళ్లు. కళ్లలో ఆ వెతుకులాట మొదలైంది.

"అవ్వా," అంది నెమ్మదిగా, "ముందర పెట్టింది వస్తాదంటే, మరి మా ఈశ్వరికి నిరుడు..."

"ఆ మాట నన్ను అడగద్దు. ఆయన్నే అడుగు" అన్నాను. "తువ్వాల నాకాడే ఉండాది. ఇప్పుడు నోటితోనే సెప్పల్ల."

ఆమె గంపను కొడుకు చేతికిచ్చి మళ్లీ మెట్లెక్కింది. విశ్వేశ్వరయ్య దిండు మీది నుంచి లేచి నిటారుగా కూర్చున్నాడు.